నొక్కి పట్టుకోవడం నేర్చుకున్న వేళ్లు: కంప్యూటర్ కీబోర్డు మీద పియానో మొదలుపెట్టిన ఒక డీటీపీ ఆపరేటర్ కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి సుగుణ గారి అనుమతి తీసుకున్నాను. అది ఆమె అసలు పేరు కాదు. ఊరు చెప్పడం లేదు, కుటుంబం గురించీ చర్చి గురించీ అవసరమైనంతే ఉంచాను. వృత్తి మాత్రం మార్చలేదు. అది మారిస్తే ఈ కేసులో చెప్పడానికి ఏమీ మిగలదు.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న పట్టణం. సుగుణ గారికి నలభై దాటాయి. ఇరవై ఏళ్లకు పైగా ఒక డీటీపీ సెంటర్లో పని చేస్తున్నారు. శుభలేఖలు, కరపత్రాలు, దస్తావేజులు, దరఖాస్తులు. తెలుగు ఇన్‌స్క్రిప్టులో (తెలుగు అక్షరాలు ఏ కీ మీద ఉండాలో చెప్పే అమరిక), ఇంగ్లీషు మామూలు క్వెర్టీలో, రెండూ కీబోర్డు వంక చూడకుండా కొడతారు. ఆదివారం చర్చిలో పాడతారు. అక్కడ 61 కీల కీబోర్డు ఉంది గానీ, వాయించే కుర్రాడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఫోన్లో ట్రాక్ పెట్టుకుని పాడుతున్నారు. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. ముసలివాళ్లు ఒక చరణం వెనకబడితే వెనకబడినట్టే. అది ఆమెకు బాధగా ఉంది. క్రిస్మస్‌కి ఒక్క కీర్తనైనా తాను వాయించాలని కోరిక.

కిందటేడాది ఆగస్టులో కీబోర్డు నేర్పమని నాకు ఫోన్ చేశారు. ఇంట్లో వాయిద్యం లేదు, ఇప్పట్లో కొనే పరిస్థితీ లేదు. చర్చి కీబోర్డు వారమంతా తాళంలో ఉంటుంది. ఉన్నదల్లా సెంటర్లో కంప్యూటర్, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక ఖాళీ గంట.

మామూలుగా ఇలాంటప్పుడు నేను ఒప్పుకోను. వాడేసిన కీబోర్డైనా సరే, ఒకటి సంపాదించుకుని రమ్మంటాను. ఈసారి ఒప్పుకోవడానికి కారణం ఫోన్లోనే ఆమె పాడి వినిపించిన రెండు లైన్లు. శ్రుతి కదల్లేదు. చెవి తయారై ఉంది, గొంతు తయారై ఉంది, పాట తెలుసు, చేరాల్సిన చోటు ఒకే ఒక్క కీర్తన. కంప్యూటర్ కీబోర్డు ఇవ్వగలిగింది ఏ స్వరం ఎక్కడుందో తెలియడం, ఏది ఎప్పుడు మోగాలో తెలియడం. ఇవ్వలేనిది బరువు, వెడల్పు, బొటనవేలి పని. ఆ రెండోదాన్ని ఇంకో దారిలో సంపాదించుకోవచ్చులే అనుకున్నాను. ఏ దారో అప్పటికి నాకు తెలియదు.

వచ్చిన సమస్య

నా దగ్గరికి వచ్చే ముందే రెండు నెలలుగా ఒక వెబ్ పియానో మీద సొంతంగా వాయిస్తున్నారు. పాటను అక్షరాలుగా రాసిపెట్టిన షీట్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. టి, టి, ఓ, ఓ, పి, పి అంటూ. ఆ అక్షరాలు కొట్టుకుంటూ పోతే ట్యూన్ వస్తుంది. ఆమె పంపిన రికార్డింగ్ విన్నాను. వేగం చూస్తే ఆశ్చర్యం వేసింది, ఒక్క తప్పు స్వరం లేదు. కానీ రెండుసార్లు విన్నా అది ఏ పాటో పోల్చుకోలేకపోయాను.

"అక్షరాలన్నీ కరెక్టుగానే కొడుతున్నాను మాస్టారూ. పాట మాత్రం రావట్లేదు. పోయిన ఆదివారం చర్చిలో కీబోర్డు ముందు కూర్చుంటే ఒక్క ముక్క తెలియలేదు" అన్నారు.

ఆ మాటల్లో రెండు వేర్వేరు సమస్యలున్నాయి. పాట రాకపోవడం ఒకటి, ఉన్నది అసలు వాయిద్యం మీదికి ఎక్కకపోవడం ఇంకొకటి. మొదట్లో నేను ఈ రెండూ ఒకటే అనుకున్నాను. అక్షరాల షీటు వల్ల వచ్చిన జబ్బు, షీటు తీసేస్తే పోతుందనుకున్నాను. ఆ పొరపాటుకు మూడు వారాలు పట్టింది.

మొదటి నిర్ణయం: అమరిక మార్చడం

ఆమె వాడుతున్న వెబ్ పియానోలో 61 కీలనూ కంప్యూటర్ కీబోర్డులో ఇరికించారు. 36 తెల్ల కీలకు అంకెల వరసలో పది, దాని కింద పది, మధ్య వరసలో తొమ్మిది, అడుగున ఏడు. నల్ల కీ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని కొట్టాలి. చూడ్డానికి ఉదారంగా ఉంది, అయిదు స్థాయిలు (స నుంచి పై స దాకా ఒక స్థాయి) చేతికొచ్చాయి. నేర్చుకునే మనిషికి మాత్రం రెండు చిక్కులు.

మధ్య షడ్జం, అంటే నడిమి స్థాయి స, టి మీద పడుతుంది. అక్కడినుంచి టి, వై, యు, ఐ, ఓ, పి. ఇక్కడిదాకా స్వరం పైకి, చెయ్యి కుడికి. తర్వాత ని కావాలంటే ఎ. అంటే స్వరం పైకి వెళ్తుంటే చెయ్యి కుడి చివరినుంచి ఎడమ చివరికి దూకాలి. పియానోలో పుట్టుకతో ఉన్న ఒక్క నియమం, కుడికి వెళ్తే పైకి అనేది, ఇక్కడ ఆరో స్వరం తర్వాత తెగిపోతుంది. చెవీ చెయ్యీ కలవకుండా చేసేది ఇదే. రెండోది షిఫ్ట్. తెల్ల కీ, నల్ల కీ కలిపి ఒకేసారి నొక్కడం దాదాపు కుదరదు. పైగా విండోస్‌లో షిఫ్ట్ వరసగా అయిదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ పెట్టె తెర మీదికి వస్తుంది, పాట మధ్యలో.

అందుకని సంగీతం సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా కనిపించే రెండో అమరికకు మార్చాను. మధ్య వరస తెల్ల కీలు: ఎ స, ఎస్ రి, డి గ, ఎఫ్ మ, జి ప, హెచ్ ద, జె ని, కె పై స. వాటి మీది వరసలో డబ్ల్యూ, ఇ, టి, వై, యు నల్ల కీలు. ఆర్ దగ్గర, ఐ దగ్గర ఏమీ ఉండదు, ఎందుకంటే పియానోలో కూడా ఆ రెండు చోట్ల నల్ల కీ లేదు. చేతికి అందేది ఒకటిన్నర స్థాయి లోపే. జెడ్, ఎక్స్ నొక్కి స్థాయి దించుకోవచ్చు, పెంచుకోవచ్చు. పరిధి పోయింది, దిక్కు మిగిలింది. ఈ బేరం ఇప్పటికీ సరైందే అంటాను.

ఏ రాగంలో మొదలుపెట్టాలన్నది చిన్న తర్జనభర్జన. సరళీ వరసలు మాయామాళవగౌళలో చెప్పడం మన అలవాటు. ఈ అమరికలో అది ఎ, డబ్ల్యూ, డి, ఎఫ్, జి, వై, జె, కె అవుతుంది. రెండుసార్లు వరస మారాలి. ఆమె వాయించాల్సిన కీర్తన మేజర్ స్కేల్లో ఉంది, అంటే మన శంకరాభరణం స్వరాలు, అన్నీ ఒకే వరసలో. సంప్రదాయం పక్కనపెట్టి దాన్నే తీసుకున్నాను.

ఇంకో రెండు చిక్కులు మొదటి వారంలోనే తీరిపోయాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో వింటున్నారు. నొక్కినదానికీ వినిపించేదానికీ మధ్య ఆలస్యం చేతికే తెలిసేంత ఉంది. వైరున్నవి పెట్టుకోమన్నాను. ఒకరోజు పావుగంట సేపు ఏ కీ నొక్కినా శబ్దమే లేదు. చూస్తే నాకు తెలుగులో మెసేజ్ పెట్టి భాష మార్చడం మర్చిపోయారు. కొన్ని వెబ్ పియానోలు కీ ఎక్కడుందని చూడవు, ఏ అక్షరం వచ్చిందని చూస్తాయి. తెలుగు వేసి ఉంటే వాటికి ఎ అనే అక్షరమే రాదు.

పని చేయనివి

మొదట మెట్రోనోమ్ (టిక్కు టిక్కుమంటూ లయ చూపేది) పెట్టాను. నిమిషానికి 60. పరుగెడుతున్నారు కాబట్టి ఆపితే సరిపోతుందనుకున్నాను. సుగుణ గారు బుద్ధిగా ఒక్కో టిక్కుకు ఒక్కో స్వరం కొట్టారు. అంతకు ముందు వేగంగా ఉన్న టైపింగ్ ఇప్పుడు నెమ్మదిగా ఉన్న టైపింగ్ అయింది. ఆ కీర్తన మూడు మాత్రల నడక (లయలో ఒక్కో అడుగు ఒక మాత్ర). కొన్ని స్వరాలకు రెండు మాత్రలు, కొన్నింటికి ఒకటి, లైను చివర మూడు. అన్నీ సమానంగా పడితే ఏ పాటైనా ఒకలాగే ఉంటుంది. వేగం నా దృష్టిని పక్కకు లాగింది. అసలు పోయింది నిడివి.

తర్వాత షీటు మార్చాను. ఇంగ్లీషు అక్షరాలు తీసేసి తెలుగులో స్వరాలు రాసి పంపాను. స రి గ మ అన్నప్పుడు మనసులో శబ్దం మోగుతుంది, టి వై యు ఐ అంటే మోగదు. ఈ తర్కం ఇప్పటికీ తప్పనను. అంతకు ముందు ఎందరో విద్యార్థుల దగ్గర అది పని చేసింది.

ఈమె దగ్గర ఘోరంగా ఎదురు తిరిగింది. నెమ్మదిగా వాయిస్తే సరిగ్గానే ఉండేది. కొంచెం నడక పెంచగానే ప రావాల్సిన చోట ద మోగేది. గ రావాల్సిన చోట నిశ్శబ్దం. రి దగ్గర ఒకటి రెండుసార్లు గబుక్కున రెండు శబ్దాలు వచ్చాయి, ని, మ. తప్పులు చెదురుమదురుగా ఉంటే అభ్యాసం చాలలేదనుకుంటాం. ఇవి చెదరడం లేదు. ప అయితే ఎప్పుడూ ద, గ అయితే ఎప్పుడూ నిశ్శబ్దం. ఇంత క్రమంగా వచ్చే తప్పుకు ఏదో క్రమమైన కారణం ఉంటుంది. ఆ వారం పాఠం ఆపేసి తప్పులన్నీ కాగితం మీద రాసుకున్నాను.

ఇన్‌స్క్రిప్ట్ అమరిక బొమ్మ ముందు పెట్టుకోగానే విడిపోయింది. ఇన్‌స్క్రిప్టులో ప ఉండేది హెచ్ మీద. మా పియానో అమరికలో హెచ్ అంటే ద. గ ఉండేది ఐ మీద, మాకు అక్కడ స్వరమే లేదు. రి కొట్టాలంటే జె మీద ర, ఎఫ్ మీద గుడి. మాకు జె ని, ఎఫ్ మ. ఆమె వాయించడం లేదు. నేను పంపిన స్వరాలను తెలుగులో టైపు చేస్తున్నారు. కంప్యూటర్లో భాష ఇంగ్లీషులో ఉంది గానీ వేళ్లు తెలుగులో ఉన్నాయి.

ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "అంటే రాసింది కనిపిస్తే చాలు, నా వేళ్లు నన్ను అడగకుండా వెళ్లిపోతున్నాయన్నమాట" అన్నారు. సరిగ్గా అంతే. ఆమెకు రాతకూ వేలికీ మధ్య చెవి లేదు. ఇరవై ఏళ్ల పని ఆ దారిని చదును చేసింది. ఏ రాత పంపినా ఆ దారినే వెళ్తుంది.

మూడో వైఫల్యం పూర్తిగా నాదే. ఆమె స్కేలు వాయించే తీరు కెమెరాలో చూస్తే ఎడమ చెయ్యి స రి గ మ ప, కుడి చెయ్యి ద ని స. టైపిస్టుకు అది సహజం. ఎ నుంచి జి దాకా ఎడమ చేతి సొత్తు, హెచ్ నుంచి కుడి చేతిది. బొటనవేళ్లు రెండూ స్పేస్‌బార్ మీద ఖాళీగా ఉంటాయి. పియానో మీద ఈ మొత్తం కుడి చేతి పని, అందులో బొటనవేలు ఒకటో నంబరు. మ దగ్గర అది మిగతా వేళ్ల కిందనుంచి దూరి వస్తుంది. చర్చిలో ఒక్క ముక్క తెలియకపోవడానికి కారణం ఇక్కడ దొరికింది. అందుకని కంప్యూటర్ మీదే కుడి చేత్తో, బొటనవేలితో వాయించమన్నాను. పది రోజుల్లో మణికట్టు నొప్పి మొదలైంది. కంప్యూటర్ కీలు 19 మిల్లీమీటర్లకు ఒకటి, బొటనవేలు దూరడానికి చోటు చాలదు, మణికట్టు పక్కకు తిరిగిపోతుంది. ఆ చేతులతోనే ఆమె అన్నం తింటున్నారు. వెంటనే ఆపించాను. నొప్పి పోయేదాకా వారం రోజులు గొంతుతోనే పాఠం చేశాం.

మలుపు

ఆ వారం రోజుల పాటలోనే ముందే గమనించి ఉండాల్సింది గమనించాను. పాడమంటే రెండు మాత్రల చోట రెండు, మూడు చోట మూడు, చక్కగా లాగుతారు. అదే పాట వాయించమంటే అన్నీ సమానం. నిడివి తెలియక కాదు. గొంతులో ఉన్నది వేలిలోకి దిగడం లేదు.

మరి ఇన్నాళ్లూ నాకు స్పష్టంగా ఎందుకు వినపడలేదు? ఆమె వాడే పేజీలో సస్టెయిన్ వేసి ఉంది. కీ వదిలేసినా శబ్దం సాగుతూ ఉంటుంది. వేలు ఎప్పుడు లేచిందో వినేవాడికీ తెలియదు, వాయించేవారికీ తెలియదు. సస్టెయిన్ తీసేయించాను. పియానో శబ్దం బదులు ఆర్గన్ పెట్టించాను. పియానో తీగ కొట్టిన క్షణంనుంచి సన్నగిల్లుతూ పోతుంది, కాబట్టి వేలు కాస్త ముందు లేచినా చెవి పెద్దగా పట్టించుకోదు. ఆర్గన్, హార్మోనియం అలా కాదు. పట్టుకున్నంతసేపు ఒకే తీరుగా పలుకుతుంది, వదలగానే ఆగుతుంది. లేచిన వేలు చిల్లులా వినపడుతుంది.

వినపడింది. స్వరానికీ స్వరానికీ మధ్య అంతా చిల్లులే. ప్రతి కీనీ నిప్పు తాకినట్టు తాకి వదిలేస్తున్నారు.

"పట్టుకోండి సుగుణ గారూ, పాడినంతసేపూ కీని పట్టుకోండి" అన్నాను.

"పట్టుకుంటే అక్షరం వరసగా పడిపోతుంది కదండీ" అన్నారు. అనేసి తనే ఆగిపోయారు.

ఈ కేసు మొత్తం ఆ మాటలో ఉంది. టైపింగులో కీని నొక్కి పట్టుకుంటే కకకకక అని లైనంతా పడిపోతుంది. అది తప్పు, మళ్లీ వెనక్కొచ్చి చెరపాలి. మంచి టైపిస్టు వేలు ఎంత త్వరగా లేస్తే అంత మంచిది. ఆమె చెడ్డగా వాయించడం లేదు, టైపు బాగా చేస్తున్నారు. టైపులో నొక్కడం ఒక్కటే పని. సంగీతంలో నొక్కడం, ఉంచడం, ఎత్తడం మూడూ పనులే. కంప్యూటర్ కీబోర్డు మీద నేర్చుకునే వాళ్లలో ఈ లోపం పలచగా చాలామందికి ఉంటుంది. సుగుణ గారిలో అది చిక్కబడి కనిపించింది కాబట్టి నాకు అర్థమైంది.

పని చేసినవి

రాత పూర్తిగా ఆపేశాను. షీటు లేదు, స్వరాలు లేవు, కీల మీద స్టిక్కర్లు లేవు. వాట్సాప్‌లో లైను లైనుగా పాడి పంపేవాణ్ని. ఆమె ముందు పాడాలి, తర్వాత పాడుతూ నొక్కాలి. మాట ఆగినప్పుడే వేలు లేవాలి. వీడియో కాల్లో ఇద్దరం కలిసి వాయించడం కుదరదు, ఆలస్యం వల్ల ఎవరికి వాళ్లు ముందున్నట్టు వినపడుతుంది. కాల్ సాఫ్ట్‌వేర్ కూడా ఆర్గన్ లాంటి నిలకడ శబ్దాన్ని ఫ్యాన్ మోత అనుకుని నొక్కేస్తుంది. అందుకే రికార్డింగులు పంపుకునే పద్ధతి. కాల్ వారానికి రెండుసార్లు, చేతులు చూడటానికి మాత్రమే.

మొదటి అభ్యాసం ఒక్క సా. నాలుగు మాత్రలు పాడుతూ, ఎ కీ పట్టుకుని. నాలుగు రోజులు అదే. పెద్దమనిషికి ఇది చెప్పడానికి మొహమాటపడ్డాను గానీ ఆమె పడలేదు. తర్వాత సా, రీ. రీ మొదలయ్యేదాకా సా వేలు లేవకూడదు. ముందు లేస్తే చిల్లు, ఆలస్యమైతే రెండూ కలిసి రొద. ఆర్గన్ శబ్దం రెండు తప్పుల్నీ వెంటనే చెప్తుంది, నేను చెప్పక్కర్లేదు.

నిడివికి పేరు పెట్టడంలో మన స్వరలిపి సాయపడింది. మన పుస్తకాల్లో స అంటే ఒక మాత్ర, సా అంటే రెండు. హ్రస్వం, దీర్ఘం. ఆమెకు ఇది కొట్టిన పిండి, కానీ చేతి లెక్క వేరు. "నాకు దీర్ఘమంటే ఇంకో కీ మాస్టారూ. స కొట్టి పక్కన దీర్ఘం కొడతాం" అన్నారు. ఇక్కడ దీర్ఘానికి కీ లేదు, అదే కీ మీద ఇంకో మాత్ర ఉండటమే దీర్ఘం అని చెప్పాను. ఆ రోజునుంచి మా ఇద్దరి మధ్య మాట అదే. రికార్డింగ్ విని "రెండో లైన్లో దీర్ఘం పోయింది" అంటే చాలు, ఎక్కడో ఆమెకే తెలిసేది. అక్టోబరు నడిమికి కీర్తన పోల్చుకోగలిగేలా వచ్చింది. రికార్డింగ్ విన్న మా ఇంట్లోవాళ్లు వెంట పాడారు.

చేతి సమస్య మిగిలింది. కంప్యూటర్ మీద రెండు చేతులతోనే వాయించుకోనిద్దాం, అక్కడ చెవి పని జరగనిద్దాం, బొటనవేలిని వేరే చోట నేర్పుదాం అనుకున్నాను. వేరే చోటు ఏదన్నదానికి జవాబు ఆమె వృత్తిలోనే ఉంది. ఆదివారం స్కేలు తీసుకెళ్లి చర్చి కీబోర్డు కొలవమన్నాను. ఒక స కీ మొదలునుంచి పై స కీ మొదలుకు పదహారున్నర సెంటీమీటర్లు. అంటే ఒక్కో తెల్ల కీ సుమారు 23.5 మిల్లీమీటర్లు. రెండు స్థాయిలకు 15 తెల్ల కీలు, దాదాపు 35 సెంటీమీటర్లు. ఎ3 కాగితం పొడవు 42. ఆ సాయంత్రమే నిజమైన కొలతతో గీసి, మందపాటి కాగితం మీద ప్రింటు తీసి, లామినేషన్ చేయించి ఫోటో పంపారు. నల్ల కీల స్థానాలు కూడా కొలిచే పెట్టారు. నా దగ్గర ఏళ్లుగా ఉన్న జిరాక్స్ కాగితం కన్నా అది ఎంతో బాగుంది.

కాగితం శబ్దం చేయదు, అది ఇక్కడ మంచిదైంది. శబ్దం ఆమె గొంతే చేయాలి. ఒకటి రెండు మూడు, బొటనవేలు కిందనుంచి, ఒకటి రెండు మూడు నాలుగు అయిదు. పాడుతూ కుడి చెయ్యి కాగితం మీద నడవాలి. కంప్యూటర్ దగ్గర ఇరవై నిమిషాలు చెవికి, కాగితం దగ్గర పది నిమిషాలు చేతికి. కాగితం మీద అక్షరాలు లేవు కాబట్టి టైపు చేసే వేళ్లు లేచి రాలేదు. ఇది నేను ముందుగా ఆలోచించింది కాదు, తర్వాత అర్థమైంది.

కార్డుల (ఒకేసారి మోగించే మూడు స్వరాల గుంపుల) దగ్గర ఒక చిన్న చిక్కు. మూడు కార్డులు చాలు పాటకు: స గ ప, మ ద స, ప ని రి. కంప్యూటర్ మీద మొదటి రెండూ మోగాయి, మూడోదాంట్లో ఎప్పుడూ ఒక స్వరం పోయేది. తన వేలు ఆలస్యమనుకుని వారం పాటు దాన్నే సాధన చేశారు. నోట్‌ప్యాడ్ తెరిచి జి, జె, ఎల్ ఒకేసారి నొక్కమన్నాను. రెండే అక్షరాలు పడ్డాయి. మామూలు కీబోర్డుల్లో కీలన్నీ అడ్డం నిలువు తీగల అల్లికలో ఉంటాయి. కొన్ని మూడు కీల కలయికల్లో ఏది నొక్కారో దానికి తేల్చుకోవడం కుదరదు, మూడోదాన్ని వదిలేస్తుంది. ఏ కలయిక పోతుందన్నది కీబోర్డును బట్టి మారుతుంది. కొత్త కీబోర్డు కొనమనలేదు. ఎడమ చేతికి కార్డు బదులు ఒక్క మంద్ర స్వరం, అంటే కింది స్థాయి స్వరం, చాలన్నాను. వంద మంది పాడే చోట అది చాలు. కార్డులో మిగతా స్వరాలు పాడే గొంతులే నింపుతాయి.

నవంబరు మొదటినుంచి ఆదివారం ఆరాధన అయ్యాక పావుగంట చర్చి కీబోర్డు తెరిచి ఉంచమని పాస్టర్ గారిని అడిగారు. మొదటి ఆదివారం కుడి చేతి వేళ్లు సరైన చోటికే వెళ్లాయి. కొత్తగా వచ్చిన ఇబ్బంది శబ్దం హెచ్చుతగ్గులు. కంప్యూటర్ కీకి తెలిసింది నొక్కారా లేదా అన్నదొక్కటే, ఎంత బలంగా నొక్కారన్నది దానికి పట్టదు. చర్చి కీబోర్డుకు పడుతుంది. నాలుగో వేలు స్వరాలు మింగుకుపోతున్నాయి, బొటనవేలివి అరుస్తున్నాయి. క్రిస్మస్‌కి ఎనిమిది వారాలు కూడా లేవు. ఆ కీబోర్డులో టచ్ (నొక్కిన బలాన్ని బట్టి శబ్దం మారే సదుపాయం) ఆఫ్ చేయించాను, ఆర్గన్ శబ్దం పెట్టించాను. దీన్ని పరిష్కారం అనలేను, వాయిదా వేశానంతే. బలం నేర్పడం మొదలుపెడితే, కొత్తగా పట్టుబడిన నిడివి చెదురుతుందేమోనని భయపడ్డాను.

ఫలితం

క్రిస్మస్ ఆరాధనలో ఆ కీర్తన వాయించారు. కుడి చేత్తో వరస, ఎడమ చేత్తో ఒక్కో మంద్ర స్వరం. రెండో చరణంలో ఒకచోట చెయ్యి తప్పి, పాడుతూ ఆగి, తర్వాతి లైన్లో కలిశారు. రాసింది చూసి వాయించేవాళ్లకు అలా కలవడం కష్టం. మూడో చరణం చివర పెద్దవాళ్లు లాగితే ఆమె కూడా వాళ్లతో పాటు లాగారు. ఫోన్లో వీడియో వచ్చింది. నేను ఎక్కువసార్లు విన్నది ఆ చివరి లైనే.

తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు పెద్దవాళ్లు ఎవరు వచ్చినా మొదట అడిగేది రోజంతా చేతులతో ఏం చేస్తారని. కుట్టుపని చేసేవాళ్లు, టైపు చేసేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు ఖాళీ చేతులతో రారు. ఒకే తప్పు ఒకే చోట పడుతుంటే సాధన పెంచమనడం మానేశాను. ముందు రాసుకుంటాను. కంప్యూటర్ మీద మొదలుపెట్టే ప్రతివాళ్లకూ మొదటి నెల ఆర్గన్ శబ్దమే, సస్టెయిన్ లేకుండా. పిల్లలు గొడవ చేస్తారు, పియానో శబ్దం ముద్దుగా ఉంటుంది మరి. అయినా ఒప్పుకోవడం లేదు.

రాత పూర్తిగా ఆపడం అందరికీ కావాలని మాత్రం అనను. ఆమె విషయంలో అది తప్పలేదు. టైపు రాని పదేళ్ల పిల్లకు స్వరాలు రాసిస్తే లాభమే జరుగుతుంది, ఇప్పటికీ రాసిస్తున్నాను. సుగుణ గారికి కూడా మార్చినుంచి మళ్లీ రాత మొదలుపెట్టాం. ఈసారి అయిదు గీతల స్టాఫ్. అందులో అక్షరం లేదు, చుక్క పైకి పోతే స్వరం పైకి, చుక్క బోలుగా ఉంటే దీర్ఘం. ఇన్‌స్క్రిప్టుకు అందులో పట్టు దొరకలేదు. టచ్ ఆన్ చేసి నాలుగో వేలు పని కూడా అప్పుడే మొదలైంది, ఇంకా నడుస్తోంది.

ఆ ఎ3 కాగితం ఫైలు ఆమె నాకు పంపారు, అడిగిన విద్యార్థులకు ఇస్తున్నాను. ప్రింటు తీసేటప్పుడు సైజు 100 శాతం అని పెట్టండి, కాగితానికి సరిపెట్టు అన్నది తీసేయండి. ప్రింటయ్యాక స నుంచి పై స కు స్కేలు పెట్టి చూడండి. పదహారున్నర రాకపోతే మళ్లీ తీయండి.